ఏడు మెషీన్ల యూనిట్‌కు సైబర్ భద్రత ఫారం: నింపాలా, పక్కన పడేయాలా?

బాలానగర్_బాబాయ్
మాది బాలానగర్‌లో ఏడు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ల యూనిట్. వాల్వు బాడీలు, బుష్‌లు, ఫ్లాంజ్‌లు చేసి ఒక పెద్ద కంపెనీకి పంపుతాం. ఇన్నేళ్లలో వాళ్లు మమ్మల్ని అడిగింది రెండే: కొలత సరిగా ఉందా, సరుకు వేళకు వచ్చిందా. ఇప్పుడు కొత్తగా ఒక ఎక్సెల్ ఫారం పంపారు. డెబ్బై పైచిలుకు ప్రశ్నలు. ‘ఉత్పత్తి నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరు చేశారా?’, ‘బయటి వారికి రిమోట్ ప్రవేశం ఏ పద్ధతిలో ఇస్తారు?’, ‘దాడి జరిగితే ఎన్ని గంటల్లో మాకు తెలియజేస్తారు?’ ఇలా సాగుతుంది. నెలాఖరులోగా నింపకపోతే వెండర్ రేటింగు తగ్గిస్తారట. రేటు పెంచమని రాసిన ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేదు, ఫారాలు మాత్రం ఠంచనుగా వస్తాయి. బుష్‌లు చేసుకునే వాడి మీద పడి హ్యాకర్ ఏం బావుకుంటాడు? ఇది నిజంగా అవసరమా, లేక కన్సల్టెంట్ల బతుకుతెరువా? ఇలాంటి ఫారం అందుకున్న వాళ్లు ఏం చేశారో చెప్పండి.

నైట్‌షిఫ్ట్
అన్నిటికీ ‘అవును’ అని రాసి పంపండి. పని అయిపోతుంది. సగం మంది చేసేది అదే.

ఆడిటర్_అనసూయ
నైట్‌షిఫ్ట్ గారూ, ఆ సలహా మాత్రం వద్దు. కంపెనీ తరఫున సరఫరాదారుల దగ్గరికి ఆడిట్లకు వెళ్లడమే నా ఉద్యోగం. డెబ్బై ప్రశ్నలకూ ‘అవును’ ఉన్న ఫారం వస్తే ముందు వాళ్ల గేటు దగ్గరికే బయలుదేరతాం. ‘ఇది లేదు, ఫలానా నెలలోపు చేస్తాం’ అని రాసిన వాళ్ల మీదే నమ్మకం కలుగుతుంది.

లేత్_లచ్చన్న
నాకూ వచ్చింది ఆ ఫారం. పన్నెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ‘సమాచార భద్రత అధికారి పేరు, హోదా’ అట. మా దగ్గర భద్రత చూసేది వాచ్‌మన్ ఒక్కడే. ఆయన పేరే రాశాను.

సర్వర్_సారథి
బాబాయ్ గారూ, ఏం బావుకుంటాడని అడిగారు కాబట్టి జపాన్‌లో జరిగింది చెబుతాను. కోజిమా ఇండస్ట్రీస్ అని ఒక కంపెనీ ఉంది. కార్లలో వాడే ప్లాస్టిక్ భాగాలు చేసి టొయోటాకు ఇస్తుంది. 2022 ఫిబ్రవరి చివర్లో దాని సర్వర్లకు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తగిలింది. ఆర్డర్లు ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ నిలిచిపోయేసరికి, మార్చి 1న టొయోటా జపాన్‌లోని తన 14 ప్లాంట్లలో 28 లైన్లు ఆపేసింది. ఒక్క రోజుకు దాదాపు 13,000 కార్లు పోయాయి. దొంగలు టొయోటా జోలికి పోనే లేదు. కోజిమా లోపలికి కూడా తిన్నగా రాలేదు. దాని అనుబంధ సంస్థ ఒకటి బయటి కంపెనీతో పని చేసుకోవడానికి పెట్టుకున్న రిమోట్ పరికరంలో లోపం ఉంది, అక్కడి నుంచి వచ్చారు.

టొయోటా పద్ధతిలో విడిభాగం ఏ వేళకు కావాలో ఆ వేళకే వస్తుంది. గోదాములో నిల్వలు పేర్చుకోరు. ఒక్క చిన్న భాగం రాకపోయినా లైన్ కదలదు. ఆ సంఘటన తర్వాత పెద్ద కంపెనీలు సరఫరాదారుల వైపు తిరిగి చూడటం ఎక్కువైంది. మీ కస్టమర్ భయం మీ బుష్‌ల గురించి కాదు, తన లైన్ గురించి.

బాలానగర్_బాబాయ్
బాగుంది సారథి గారూ. లైన్ వాళ్లది, భయం వాళ్లది, బిల్లు మాత్రం నాది. ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పెట్టె) పెట్టించమని ఒకాయన కొటేషన్ ఇచ్చాడు. ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ సర్ఫేస్ గ్రైండర్ వస్తుంది.

లేత్_లచ్చన్న
ఇది నా మాట కూడా.

సోలీహల్_నుంచి
బిల్లు ఎవరిదన్న మాట వచ్చింది కాబట్టి ఇటువైపు సంగతి రాస్తాను. నేనుండేది ఇంగ్లండ్‌లో, జాగ్వార్ ల్యాండ్ రోవర్ ప్లాంటుకు దగ్గరలో. కంపెనీ మన టాటా గ్రూపుదే. 2025 ఆగస్టు 31న దాడి మొదలైంది, సెప్టెంబరు 2న బయటికి చెప్పారు. నష్టం ఇంకా పాకకుండా వాళ్లే కంప్యూటర్లన్నీ ఆపేశారు. సోలీహల్, వుల్వర్‌హాంప్టన్, హేల్‌వుడ్ అన్నీ మూతబడ్డాయి. మళ్లీ దశలవారీగా ఉత్పత్తి మొదలయ్యేసరికి అక్టోబరు 8 వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల రుణానికి హామీ ఇవ్వాల్సి వచ్చింది. సైబర్ మానిటరింగ్ సెంటర్ అనే సంస్థ లెక్క ప్రకారం దేశానికి నష్టం దాదాపు 190 కోట్ల పౌండ్లు, దెబ్బ తగిలిన సంస్థలు 5,000 పైనే.

ఆ 5,000లో ఎక్కువ మీలాంటి వాళ్లే. ప్రెస్ షాపులు, సీటు కవర్లు కుట్టేవాళ్లు, లారీల వాళ్లు. వాళ్ల కంప్యూటర్లకు ఏమీ కాలేదు, అయినా ఆర్డరు లేదు, పాత బిల్లుల డబ్బు రాలేదు. కొన్ని చోట్ల కార్మికులకు పని గంటలు తగ్గించారు. పెద్ద కంపెనీకి అప్పు పుడుతుంది, ముప్పై మంది ఉన్న షాపుకు ఎవరిస్తారు?

బాలానగర్_బాబాయ్
అంటే వాళ్ల మీద దాడి జరిగినా పోయేది మేమే. మరి నేను కూడా వాళ్లకు ఒక ఫారం పంపాలి కదా!

ఆడిటర్_అనసూయ
నవ్వుతూ అన్నారు గానీ, అడగొచ్చు. ‘మీ వ్యవస్థ ఆగిపోతే నా ఇన్‌వాయిస్‌లు ఎలా నమోదు చేస్తారు, చెల్లింపు ఎలా చేస్తారు’ అని కాంట్రాక్టు మళ్లీ రాసుకునేటప్పుడు అడగండి. నాకు తెలిసి ఇప్పటిదాకా ఏ వెండరూ అడగలేదు.

నైట్‌షిఫ్ట్
టొయోటా, ల్యాండ్ రోవర్ కథలు బాగానే ఉన్నాయి. బాలానగర్ సందులోకి ఎవరు వస్తారండీ? హ్యాకర్‌కు పార్కింగు కూడా దొరకదు.

స్పిండిల్_స్వామి
సందులోకి ఎవరూ రానక్కర్లేదు. నేను మెషీన్ల సర్వీసుకు తిరిగే మనిషిని. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, ఎక్కడికి వెళ్లినా కనిపించే దృశ్యం చెబుతాను. మెషీన్ల మధ్య ఒక మూల, నూనె పట్టిన కీబోర్డుతో ఒక పాత కంప్యూటర్. అందులో విండోస్ ఎక్స్‌పీ. మెషీన్లకు ప్రోగ్రాములు పంపేది అదే. అందులో ఒక ఫోల్డరు, ఎవరైనా తెరవొచ్చు, ఎవరైనా చెరపొచ్చు, పాస్‌వర్డ్ ఉండదు. ఆ కంప్యూటర్ వైరు వెళ్లి ఎనిమిది రంధ్రాల నెట్‌వర్క్ స్విచ్‌లో చేరుతుంది. అదే స్విచ్‌లో అకౌంట్ల కంప్యూటర్, సీసీ కెమెరాల డబ్బా, ప్రింటరు, యజమాని గారి అబ్బాయి ల్యాప్‌టాప్. యజమాని ఇంటి నుంచి అకౌంట్లు చూసుకోవాలి కాబట్టి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ దారి బార్లా తెరిచి ఉంటుంది. పాస్‌వర్డు కంపెనీ పేరు, పక్కన 123.

హ్యాకర్ మిమ్మల్ని ఎంచుకోడు. ఇంటర్నెట్‌లో ఏయే తలుపులు తెరిచి ఉన్నాయో రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉంటాయి. తెరిచి ఉన్నది దొరికితే పాస్‌వర్డులు వరసగా ప్రయత్నిస్తాయి. లోపలికి వెళ్లాక ఇది బుష్‌ల యూనిటా, బ్యాంకా అన్నది తర్వాత చూసుకుంటారు. దాన్ని బట్టి రేటు వేస్తారు.

మరో మాట. ప్రోగ్రాములు రాసే క్యామ్ సాఫ్ట్‌వేర్. ఎన్ని చోట్ల అసలు లైసెన్సు ఉందో చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్రాక్ (లైసెన్సు లేని దొంగ కాపీ) ఎక్కించేటప్పుడు మొదటి సూచన ఏముంటుందో అందరికీ తెలుసు: ‘యాంటీవైరస్ ఆపేయండి’. ఆపేస్తారు. తర్వాత మళ్లీ ఎవరూ ఆన్ చేయరు.

లేత్_లచ్చన్న
స్వామి గారూ, మీకు చెప్పడం సులభం. ఆ లైసెన్సు ధర చూశారా? జాబ్‌వర్క్ మీద బతికేవాడు ఏ లెక్కన కొంటాడు? క్రాక్ వాడే వాళ్లంతా దొంగలన్నట్లు మాట్లాడకండి.

స్పిండిల్_స్వామి
దొంగలని నేను అనలేదు లచ్చన్నా. ఆ కంప్యూటర్ ఇంటర్నెట్‌కు ఎందుకు తగిలించి ఉంది అన్నదే నా ప్రశ్న. ఉచితంగా దొరికేవీ, నెలవారీ తక్కువ ధరకు వచ్చేవీ ఇప్పుడు ఉన్నాయి. మీ పనులకు సరిపోతాయి. మీరు చేసేవి అయిదు అక్షాల (టూలు అయిదు దిశల్లో కదిలే) పనులేమీ కాదు కదా.

లేత్_లచ్చన్న
రెండున్నర అక్షాలే. సగం ప్రోగ్రాములు చేత్తోనే రాస్తాను. సరే, చూస్తాను.

సర్వర్_సారథి
స్వామి గారు చెప్పినదానికి ఒక్కటే చేరుస్తాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆగింది. ముందు ఇవన్నీ మార్చి అప్‌డేట్లు వేసుకోండి. సగం రోగం అక్కడే పోతుంది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు రెనో, నిస్సాన్ ప్లాంట్లు ఆగాయి, చెన్నై దగ్గర ఒరగడంలోని వాళ్ల ప్లాంటుకూ తగిలింది. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలైనా చాలా మంది వేసుకోలేదు.

పటాన్‌చెరు_పైపులు
ఇదిగో, ఐటీ వాళ్లతో మాకు వచ్చే తగవు ఇక్కడే. ‘అప్‌డేట్లు వేసుకోండి’ అనడం ఒక నిమిషం పని. నేను బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఉన్నాను. రియాక్టర్లను నడిపే డీసీఎస్ (ప్లాంటు నియంత్రణ వ్యవస్థ) కంప్యూటర్‌లో ఒక అప్‌డేట్ వేయాలంటే ముందు ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు అనుమతి ఫైలు) తెరవాలి. ఆ అప్‌డేట్‌కు డీసీఎస్ కంపెనీ ఆమోదం ఉందా చూడాలి. దాని ప్రభావం ఏమిటో రాయాలి, పరీక్షించాలి, మళ్లీ వ్యాలిడేషన్ (సరిగా పని చేస్తోందని రుజువు) చేయాలి, క్యూఏ (నాణ్యత విభాగం) సంతకం కావాలి. ఇవన్నీ జరగాలంటే బ్యాచ్ లేని సమయం దొరకాలి. దొరికేది సంవత్సరానికి ఒకసారి షట్‌డౌన్‌లో. విదేశీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ‘ఈ మార్పుకు కాగితం ఏది’ అంటే ఐటీ విభాగం వచ్చి నిలబడదు, మేమే నిలబడాలి.

యంత్రం ఇరవై అయిదేళ్లు ఉంటుంది. దానితో వచ్చిన కంప్యూటర్ పదేళ్లకే ముసలిదవుతుంది. యంత్రం కంపెనీ కొత్త విండోస్‌కు తన సాఫ్ట్‌వేర్ రాయదు, రాసినా కొత్త యంత్రం ధర చెబుతుంది. ఎక్స్‌పీ మార్చమంటే ఆ యంత్రాన్నే మార్చమన్నట్లు.

సర్వర్_సారథి
అర్థమైంది. మరి అప్‌డేట్ లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారు?

పటాన్‌చెరు_పైపులు
విడిగా ఉంచుతాం. డీసీఎస్ నెట్‌వర్క్ వేరు, ఆఫీసు వేరు, మధ్యలో ఫైర్‌వాల్. నివేదికలు ఇటు నుంచి అటు వెళ్తాయి, అటు నుంచి ఇటు ఏదీ రాదు. పెన్‌డ్రైవ్ రంధ్రాలు మూసేశాం, కీ బోర్డుకు, మౌస్‌కు తప్ప.

నైట్‌షిఫ్ట్
మౌస్ తీసేసి ఆ రంధ్రంలో ఫోను ఛార్జింగు పెట్టుకునే ఆపరేటర్లు మీ దగ్గర లేరా?

పటాన్‌చెరు_పైపులు
ఉన్నారు. అందుకే క్యాబినెట్‌కు తాళం వేశాం, పక్కనే గోడకు రెండు ఛార్జింగు ప్లగ్గులు పెట్టించాం. రెండోదే ఎక్కువ పని చేసింది.

సర్వర్_సారథి
విడిగా ఉంచడం మంచిదే, కానీ అదొక్కటే చాలనుకోకండి. తైవాన్‌లో టీఎస్‌ఎంసీ చిప్పుల కంపెనీ. ప్రపంచంలో అంతకన్నా శుభ్రమైన ఫ్యాక్టరీలు ఉండవు. 2018 ఆగస్టు మొదట్లో కొత్త యంత్రం ఒకటి బిగిస్తూ, దాని సాఫ్ట్‌వేర్‌ను వైరస్ తనిఖీ చేయకుండానే లోపలి నెట్‌వర్క్‌కు తగిలించారు. వన్నాక్రై రకం వైరస్. లోపల ఉన్నవి అప్‌డేట్ లేని విండోస్ 7 యంత్రాలు. మూడు రోజుల పాటు చాలా యంత్రాలు ఆగాయి. ఆ త్రైమాసికం ఆదాయంలో దాదాపు 3 శాతం దెబ్బ ఉంటుందని కంపెనీయే అంచనా చెప్పింది. ఇంటర్నెట్ నుంచి ఎవరూ రాలేదు, కొత్త యంత్రమే తెచ్చింది.

పటాన్‌చెరు_పైపులు
ఒప్పుకుంటాను. బయటి నుంచి వచ్చే ప్రతి ల్యాప్‌టాప్‌నూ గేటు దగ్గరే ఆపాలి. మా దగ్గర సర్వీసు ఇంజినీర్ తన ల్యాప్‌టాప్ తగిలించకూడదు, మేమిచ్చినదే వాడాలి. మొదట్లో అందరూ అలిగారు.

స్పిండిల్_స్వామి
అలిగిన వాళ్లలో నేనూ ఉండవచ్చు. :)

ల్యాడర్_లాజిక్
పీఎల్‌సీల (యంత్రాలను నడిపే చిన్న కంట్రోలర్ల) వైపు ఎవరూ రాలేదు కాబట్టి నేను వస్తాను. అవి మాట్లాడుకునే భాష మోడ్‌బస్ గురించి చాలా మందికి తెలిసే ఉంటుంది. 1979లో మోడికాన్ కంపెనీ తెచ్చింది. నేటికీ ఎనర్జీ మీటర్ల నుంచి బాయిలర్ల దాకా అదే నడుస్తోంది. అందులో పాస్‌వర్డ్ అనే ఊసే లేదు. ఆ వైరు మీద ఉన్న ఏ కంప్యూటర్ అయినా ‘40010 రిజిస్టర్‌లో (విలువ దాచే గడిలో) 90 తీసి 140 రాయి’ అంటే, అది ఉష్ణోగ్రత అనుకోండి, పీఎల్‌సీ రాసేస్తుంది. నువ్వెవరు అని అడగదు. అప్పట్లో ఆ వైరు ప్యానెల్ దాటి పోయేది కాదు, అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. ఇప్పుడు యజమానికి ఫోనులో గ్రాఫులు కావాలి కాబట్టి అదే వైరును ఇంటర్నెట్ దాకా లాగుతున్నాం.

పాత పీఎల్‌సీలకు కొత్త బుద్ధులు రావు. దాని ముందు నిలబడి, ఎవరు మాట్లాడొచ్చో ఎవరు మాట్లాడకూడదో చూసే పెట్టె ఒకటి ఉండాలి. అంతకన్నా వేరే దారి లేదు.

నైట్‌షిఫ్ట్
140 రాస్తే సేఫ్టీ సిస్టమ్ ఆపేస్తుంది కదా. అది ఉన్నదే అందుకు.

పటాన్‌చెరు_పైపులు
ఆ ధీమాతోనే ఉండేవాళ్లం, 2017 దాకా. సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో హ్యాకర్లు నేరుగా సేఫ్టీ కంట్రోలర్ల మీదే గురిపెట్టారు. ట్రైకోనెక్స్ అనే కంట్రోలర్లు. ఆ వైరస్‌కు ట్రైటన్ అని పేరు. వాళ్ల కోడ్‌లో ఏదో తప్పు ఉండి కంట్రోలర్లు ప్లాంటును సురక్షితంగా ఆపేశాయి కాబట్టి బయటపడింది. లేకపోతే ఏమయ్యేదో రియాక్టర్ల దగ్గర పని చేసేవారికి నేను చెప్పనక్కర్లేదు.

అందులో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. ఆ కంట్రోలర్ ముందు భాగంలో తాళం చెవితో తిప్పే స్విచ్ ఉంటుంది. ‘రన్’లో ఉంటే ప్రోగ్రామ్ మార్చడం కుదరదు, ‘ప్రోగ్రామ్’లో ఉంటేనే కుదురుతుంది. మార్పులు అయ్యాక తిప్పి తాళం చెవి తీసేయాలి. అక్కడ దాన్ని ‘ప్రోగ్రామ్’లోనే వదిలేశారు. ప్రతిసారీ తిప్పడం విసుగు కదా. ఇది చదువుతున్న వాళ్లలో ఎంతమంది ప్యానెల్‌లో తాళం చెవి ఇప్పుడు దానికే వేలాడుతోందో ఒకసారి వెళ్లి చూడండి.

ల్యాడర్_లాజిక్
చూసొచ్చాను. పీఎల్‌సీకి వేలాడుతోంది. తీసి సొరుగులో పెట్టాను. దయచేసి ఎవరూ మా మేనేజర్‌కు చెప్పకండి, ఆ సొరుగు తాళం ఆయన దగ్గరే ఉంది.

నైట్‌షిఫ్ట్
సరే, రాన్సమ్‌వేర్ తగిలింది అనుకుందాం. అడిగినంత ఇచ్చేస్తే ఫైళ్లు తిరిగి ఇస్తారు కదా. వాళ్లకూ మంచి పేరు కావాలి మరి. లాభనష్టాలు చూస్తే అదే చవక.

సర్వర్_సారథి
2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ వాళ్లు 44 లక్షల డాలర్లు కట్టారు. తాళం తీసే ప్రోగ్రామ్ వచ్చింది, కానీ అది ఎంత మెల్లగా పని చేసిందంటే చివరికి తమ బ్యాకప్‌ల నుంచే పని కానిచ్చుకున్నారు. పైగా ఇప్పుడు దొంగలు ఫైళ్లకు తాళం వేసే ముందు కాపీ చేసుకుంటారు. డబ్బు కట్టినా ‘మీ కస్టమర్ డ్రాయింగులు బయటపెడతాం’ అని రెండోసారి అడుగుతారు. ఆ డ్రాయింగులు మీవి కావు, కస్టమర్‌వి. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసింది మీరు.

బాలానగర్_బాబాయ్
ఇది నాకు తట్టలేదు. మా దగ్గర ఒక రక్షణ రంగ పనివి కూడా డ్రాయింగులు ఉన్నాయి.

ఆడిటర్_అనసూయ
బాబాయ్ గారూ, అవి ఆ ఎవరైనా తెరిచే ఫోల్డరులో ఉంటే ఈ రాత్రే తీసేయండి. ఫారం సంగతి తర్వాత.

రిటైర్డ్_ఫోర్‌మన్
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. డబ్బు కట్టకుండా నిలబడ్డ వాళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పాలి. నార్వేలో నోర్స్క్ హైడ్రో అని అల్యూమినియం కంపెనీ. 40 దేశాల్లో దాదాపు 35,000 మంది. 2019 మార్చి 19 తెల్లవారుజామున లాకర్‌గోగా అనే వైరస్ తగిలింది. దొంగలు నెలల ముందే, తెలిసిన కస్టమర్ నుంచి వచ్చిన మెయిల్‌కు జతచేసిన ఫైలు ద్వారా లోపలికి వచ్చి కూర్చున్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, తాళాలు పడ్డాకే అందరికీ తెలిసింది. ఉదయం షిఫ్టుకు వచ్చిన వాళ్లకు తలుపు మీద కాగితం కనిపించింది: కంప్యూటర్లేవీ నెట్‌వర్క్‌కు కలపవద్దు అని.

వాళ్లు పైసా కట్టలేదు. దాచుకోలేదు కూడా, అదే రోజు పత్రికల వాళ్లను పిలిచి చెప్పేశారు. స్మెల్టర్లను చేత్తో నడిపారు. ఎక్స్‌ట్రూజన్ ప్లాంట్లలో పాత కాగితాలు వెతికి తీశారు. కాగితాల మీద పని చేయడం గుర్తున్న రిటైరైన వాళ్లు కొందరు తిరిగి వచ్చి సాయం చేశారు. అయినా ఆ ఏడాది మొదటి ఆరు నెలల నష్టమే 55 నుంచి 65 కోట్ల క్రోనర్లు అని లెక్క చెప్పారు. ఊరికే పోయింది అనను.

నేను అడిగేది ఒకటే. మీ షాపులో ఇవాళ స్క్రీన్లు నల్లబడితే, మెషీన్‌ను హ్యాండిల్‌తో తిప్పి ఒక పీసు తీయగలిగేవాళ్లు ఎందరున్నారు? సెట్టింగు షీటు కాగితం మీద ఉందా? ట్రైనీలకు వెర్నియర్ చదవడం వచ్చా?

లేత్_లచ్చన్న
అయ్యా, మాకు మీ నంబరు పంపండి, ముందుగానే బుక్ చేసుకుంటాం.

నైట్‌షిఫ్ట్
పాతకాలం వాళ్లకు ఎప్పుడూ హ్యాండిలే గొప్ప. సీఎన్‌సీని హ్యాండిల్‌తో తిప్పి మైక్రాన్లు పట్టలేరు సార్.

రిటైర్డ్_ఫోర్‌మన్
మైక్రాన్లు అక్కర్లేని పీసులే ఎక్కువ బాబూ. ఆ రోజుకు కస్టమర్‌కు ఏవి అత్యవసరమో తెలిసి ఉండటం కూడా ఒక పనే.

ఎగుమతి_ఎల్లమ్మ
అందరూ వైరస్‌ల గురించే మాట్లాడుతున్నారు. మా వైపు చిన్న యూనిట్లకు ఎక్కువగా తగులుతున్నది ఇంకొకటి. మా పక్క షెడ్డు వాళ్లు విదేశం నుంచి టూలింగు తెప్పించుకుంటారు. సరఫరాదారు మెయిల్ ఖాతాలోకి ఎవరో దూరి, ఉత్తరప్రత్యుత్తరాలన్నీ చదువుతూ కూర్చున్నారు. సరిగ్గా అడ్వాన్సు చెల్లించే వారం చూసి ‘మా బ్యాంకు మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని మెయిల్. అదే గొలుసులో, అదే సంతకంతో, అదే ప్రొఫార్మా నంబరుతో. చిరునామాలో ఒక్క అక్షరం తేడా. డబ్బు వెళ్లిపోయింది. సరుకు రాదు, సరఫరాదారు తన తప్పు లేదంటాడు. దీనికి ఫైర్‌వాల్ ఏం చేస్తుంది?

ఖాతా మారిందని ఎవరు రాసినా, పాత నంబరుకు ఫోను చేసి గొంతు విన్నాకే డబ్బు పంపాలి. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు కాదు.

సర్వర్_సారథి
చాలా ముఖ్యమైన మాట. మోసం అని తెలిసిన వెంటనే 1930కు (సైబర్ నేరాల హెల్ప్‌లైన్) ఫోను చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. దేశంలోని ఖాతా అయితే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ ఆ ఆశ తగ్గుతుంది. విదేశీ ఖాతా అయితే మరీ కష్టం.

ఆడిటర్_అనసూయ
ఫారంలోని ‘ఎన్ని గంటల్లో తెలియజేస్తారు’ ప్రశ్న దగ్గర కూడా జాగ్రత్త. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు నివేదించాలి, లాగ్‌లు (కంప్యూటర్లలో జరిగినదాని రికార్డులు) 180 రోజులు ఉంచాలి. చిన్న పరిశ్రమలకు ఆ ఏడాది సెప్టెంబరు 25 దాకా గడువు ఇచ్చారు, అది ఎప్పుడో దాటిపోయింది. మా ఫారాల్లో ఎక్కువ మంది ఇక్కడ ‘48 గంటలు’ అని రాస్తారు.

నైట్‌షిఫ్ట్
6 గంటలా? మా దగ్గర మెషీన్ ఆగితే అది కరెంటా, ఎలకా, ఆపరేటరా అని తేల్చడానికే ఒక షిఫ్టు పడుతుంది.

పటాన్‌చెరు_పైపులు
మొదటి నివేదికలో అంతా తేల్చి రాయక్కర్లేదు. తెలిసినంత రాస్తే చాలు. 2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ మీద దాడి జరిగినప్పుడు చూశాం కదా. స్పుత్నిక్ టీకా పరీక్షలకు అనుమతి వచ్చిన కొద్ది రోజులకే. డేటా సెంటర్ సేవలన్నిటినీ వేరు చేశామని అదే రోజు స్టాక్ ఎక్స్ఛేంజీలకు చెప్పేశారు. రాన్సమ్‌వేర్ అన్న వివరం తర్వాత వచ్చింది. ఆ వారం పటాన్‌చెరు నుంచి జీడిమెట్ల దాకా ప్రతి ప్లాంటులోనూ పెన్‌డ్రైవ్‌ల వేట సాగింది.

లేత్_లచ్చన్న
బీమా తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

సోలీహల్_నుంచి
బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా వైరస్ వల్ల మెర్క్ మందుల కంపెనీకి 140 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. ‘ఇది రష్యా చేసిన యుద్ధ చర్య, యుద్ధానికి బీమా లేదు’ అని బీమా కంపెనీలు చేతులెత్తేశాయి. మెర్క్ కోర్టుల్లో గెలిచింది గానీ, వ్యవహారం రాజీతో ముగిసేసరికి 2024 జనవరి వచ్చింది. మెర్క్ కాబట్టి అన్నేళ్లు ఆగగలిగింది.

బాలానగర్_బాబాయ్
అందరూ బాగా బెదరగొట్టారు. ఫారం ఉన్నది ఉన్నట్లే నింపుతాను, నలభై చోట్ల ‘లేదు’ వచ్చినా సరే. డ్రాయింగులు ఆ ఫోల్డరు నుంచి తీసేశాను. రౌటర్‌లో రిమోట్ దారి మూయించాను, అకౌంట్లు ఇంటి నుంచి చూడకపోతే మునిగేదేమీ లేదు. మెషీన్లకు వేరే స్విచ్ పెడితే ఖర్చు నేననుకున్నంత లేదు. ఫైర్‌వాల్ కొటేషన్ మాత్రం ఇంకా మింగుడుపడలేదు.

ఇప్పుడు ఒక చిక్కు. కొత్త టర్నింగ్ సెంటర్ (సీఎన్‌సీ లేత్) అమ్మిన వాళ్లు రిమోట్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలంటున్నారు, లేకపోతే వారంటీ సేవలు ఆలస్యం అవుతాయట. ఏం చేయాలి?

స్పిండిల్_స్వామి
వారంటీ కాగితం మళ్లీ చదవండి. ‘అవసరమైనప్పుడు రిమోట్ ప్రవేశం ఇవ్వాలి’ అని ఉంటుంది, ‘ఎప్పుడూ’ అని నేను ఎక్కడా చూడలేదు. ఆ మెషీన్ ఇంటర్నెట్ వైరు ఊడదీసి ఉంచండి. సమస్య వచ్చినప్పుడు వాళ్లు ఫోను చేస్తారు, మీవాడు వైరు తగిలిస్తాడు, పని చూస్తున్నంతసేపూ పక్కనే నిలబడతాడు, అయిపోయాక తీసేస్తాడు. ఇంతకన్నా చవకైన ఫైర్‌వాల్ లేదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు వచ్చారో ఒక రిజిస్టర్‌లో రాయించండి, ఫారంలోని రిమోట్ ప్రశ్నకు జవాబు కూడా అదే.

ఆడిటర్_అనసూయ
రిజిస్టర్ చూపిస్తే నేను ఆ ప్రశ్నకు మార్కులు వేస్తాను.

ల్యాడర్_లాజిక్
బ్యాకప్ సంగతి ఎవరూ అడగలేదే. బాబాయ్ గారూ, ఆఫీసు ఫైళ్ల బ్యాకప్ కాదు, మెషీన్లది. పారామీటర్లు (మెషీన్ సెట్టింగులు), ల్యాడర్ (లోపలి లాజిక్ ప్రోగ్రామ్), పిచ్ ఎర్రర్ లెక్కలు (స్క్రూ తేడా సరిచేసేవి), ఆఫ్‌సెట్లు (టూలు కొలతలు). అవి పోతే మెషీన్ ఉత్త ఇనుమే.

బాలానగర్_బాబాయ్
పార్ట్ ప్రోగ్రాములు ఉన్నాయి. పారామీటర్లు ఎప్పుడో మెషీన్ వచ్చిన కొత్తలో ఇచ్చిన సీడీలో ఉండాలి. ఆ సీడీ చదివే కంప్యూటర్ ఇప్పుడు లేదు.

స్పిండిల్_స్వామి
మీవి ఫానుక్ కంట్రోలర్లు అయితే నేరుగా తీసుకోవచ్చు. పవర్ ఇచ్చేటప్పుడు స్క్రీన్ కింద కుడివైపు చివరి రెండు సాఫ్ట్ కీలు నొక్కి పట్టుకుంటే బూట్ మెనూ వస్తుంది. అందులో ఎస్‌ర్యామ్ (బ్యాటరీ మీద నిలిచే మెషీన్ మెమరీ) బ్యాకప్ ఉంటుంది, మెమరీ కార్డులోకి మొత్తం దిగుతుంది. అదే మెనూలో తిరిగి ఎక్కించేదీ, చెరిపేదీ కూడా ఉంటాయి, కాబట్టి అలవాటు ఉన్నవాడితోనే చేయించండి. ఒక్కో మెషీన్‌కు ఒక్కో ఫోల్డరు, పేరులో మెషీన్ సీరియల్ నంబరు. ఒక కాపీ ఆఫీసు బీరువాలో, ఒకటి ఇంట్లో. ఏ కంప్యూటర్‌కూ తగిలించి ఉంచకండి. తగిలించి ఉన్న బ్యాకప్‌కు కూడా రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది.

లేత్_లచ్చన్న
మా పాత మెషీన్ బ్యాటరీ అలారం చాలాకాలంగా మెరుస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

స్పిండిల్_స్వామి
లచ్చన్నా, హ్యాకర్ దాకా ఎందుకు, ఆ పని నీ బ్యాటరీయే చేసిపెడుతుంది. ముందు బ్యాకప్ తీసుకో. తర్వాత మెషీన్ పవర్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మార్చాలి. ఆఫ్ చేసి తీస్తే మెమరీ ఎగిరిపోవచ్చు. ప్యానెల్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో చేయించు. మోడల్ నంబరు పెట్టు, ఏ బ్యాటరీ కావాలో చెబుతాను.

లేత్_లచ్చన్న
నేమ్‌ప్లేటు మీద గ్రీజు గడ్డకట్టింది. రేపు పొద్దున తుడిచి ఫొటో పెడతాను.